తప్పు మామ్మ గారి వేలిది కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

అంబాజీపేట దగ్గర ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటున్నవాణ్ణి. జిరాక్సులు తీయడం, దరఖాస్తులు నింపడం, ఆధార్ వేలిముద్ర మీద బ్యాంకు డబ్బులు తీసివ్వడం, ఇదే నా పని. మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు 'వేలిముద్రలు పడక వృద్ధుల అవస్థలు' అని ఫొటోతో వార్త వస్తుంటుంది. ఆ అవస్థ అబద్ధమని నేననను. కొబ్బరి పీచు పనిలోనో, రొయ్యల తలలు తీసే పనిలోనో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ వేళ్ళు నిజంగానే అరిగిపోతాయి. కానీ నా సెంటర్లో నేను చూసిన వాటిలో చాలాసార్లు తప్పు వేలిది కాదు, అసలు వ్యవహారం వేలి దాకా వెళ్ళనే లేదు. బ్రౌజర్లో తెరిచిన పేజీకీ, కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కీ మధ్య మాట తెగిపోతే, ఆ నింద తెచ్చి ముసలివాళ్ళ వేళ్ళ మీద వేస్తున్నాం. నేనూ వేశాను. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదైతే మన్నించండి.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. మా వైపు కొబ్బరిచెట్లు విరిగాయి, వరి పడిపోయింది, కరెంటు పోయింది. కరెంటు వచ్చిన తర్వాత నాలుగైదు రోజులకి సెంటర్లో జనం బాగా పెరిగారు, అందరికీ చేతిలో డబ్బు కావాలి. ఆ వరసలో ఒక మామ్మ గారు, పీచు పనిలోనే వయసంతా గడిచిపోయిన మనిషి, మందులకి వెయ్యి రూపాయలు తీసుకోవాలని వచ్చింది. వేలు పెట్టమన్నాను. స్క్రీన్ మీద 'డివైస్ నాట్ ఫౌండ్' అని వచ్చింది. మళ్ళీ పెట్టమన్నాను, మళ్ళీ అదే. ఆమె వేలు చీర కొంగుకి తుడుచుకుంది. అయినా రాకపోతే బయట కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు అడిగి కడుక్కుని, వేలు ఎక్కడా తగలకుండా గాల్లో పట్టుకుని వచ్చింది. "నా వేళ్ళు పీచులో పోయాయి బాబూ, ఇంక పడవు, నీకెందుకు శ్రమ" అంది. నేను కాదనలేదు. "వేరే రోజు రండి మామ్మ గారూ" అని పంపేశాను.

ఆమె వెనకే ఇంటర్ చదివే కుర్రాడు వచ్చాడు. లేత వేలు. అదే మెసేజ్. అప్పుడు స్కానర్ వైపు చూశాను. వేలు తీసుకునేటప్పుడు గాజు కింద ఎర్ర లైటు వెలగాలి. వెలగలేదు. మామ్మ గారి వేలికీ వెలగలేదని అప్పుడు గుర్తొచ్చింది. లైటే వెలగని స్కానర్ ఆమె వేలిని చూసిందెక్కడ, బాగాలేదని తేల్చిందెక్కడ?

రిపేరు చేసేవాడికి ఫోన్ చేస్తే వోల్టేజ్‌కి కొట్టేసి ఉంటుందండీ, తుపాను తర్వాత అందరివీ పోతున్నాయి, కొత్తది కొనుక్కోండి అన్నాడు. నమ్మేశాను కూడా. కొనే ముందు ఎందుకైనా మంచిదని అదే స్కానర్ తీసి ఇంట్లో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి పెట్టాను. లైటు వెలిగింది, వేలు పడింది. స్కానర్ బాగానే ఉంది, ఇంటర్నెట్ బాగానే ఉంది, వేలు బాగానే ఉంది. హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు రాసే పనిలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "మావయ్యా, లైటు వెలగలేదంటే కమాండ్ అక్కడికి చేరలేదు. ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో ఎర్రగా ఏముందో చదువు" అన్నాడు. కన్సోల్ అంటే పేజీలో జరిగిన తప్పుల్ని బ్రౌజర్ రాసి చూపించే చోటు.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో వాడు చెబితే నాకు అర్థమైనంత మీ పాఠకులకి చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకే మా సెంటర్ల వాళ్ళందరం ఇబ్బంది పడుతున్నాం. వెబ్ పేజీలో ఉండే స్క్రిప్టు, అంటే ఆ పేజీని నడిపే చిన్న ప్రోగ్రాం, మన యూఎస్‌బీకి పెట్టిన వేలిముద్ర స్కానర్‌ని నేరుగా ముట్టుకోదు. మధ్యలో మన కంప్యూటర్లోనే ఒక చిన్న సర్వీసు, ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్ అంటారు, తెర వెనక నడుస్తూ ఉంటుంది. అది 127.0.0.1 అనే అడ్రస్‌లో కాచుకుని ఉంటుంది. ఆ అడ్రస్ ఎక్కడో సర్వర్‌ది కాదు, మన ఎదురుగా ఉన్న ఈ కంప్యూటర్‌దే. పోర్టులంటే తలుపులనుకోండి, 11100 నుంచి 11120 వరకు మొత్తం ఇరవై ఒక్క తలుపులు. పేజీలోని స్క్రిప్టు ఒక్కో తలుపూ తట్టి, ఆర్‌డీ సర్వీస్ ఇక్కడుందా అని అడుగుతుంది. ఉంటే సర్వీసు 'రెడీ' అనో 'నాట్ రెడీ' అనో చెబుతుంది. ఆ తర్వాత స్క్రిప్టు 'క్యాప్చర్' అని కమాండ్ పంపితే అప్పుడు లైటు వెలుగుతుంది, అప్పుడు వేలు పడుతుంది, ఆ ముద్ర అక్కడే తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి పేజీకి చేరుతుంది. వేలు అరిగిందా లేదా అనే ప్రశ్న ఈ వరసలో చివరాఖరిది.

మన డెల్టాలో శివారు చేలోకి నీరు రాకపోతే రైతు చేను మీద కోప్పడడు. బోదె గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. తూము మూసుకుపోయిందా, గుర్రపుడెక్క అడ్డం పడిందా, పై రైతు కట్ట వేశాడా, లాకుల దగ్గర వదల్లేదా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళతాడు, లస్కరుని అడుగుతాడు, అవసరమైతే ధవళేశ్వరంలో ఎంత వదిలారని కూడా కనుక్కుంటాడు. వేలిముద్ర పడకపోతే చేయాల్సిందీ ఇదే. మేం మాత్రం చేను దగ్గరే కూర్చుని, నేల మంచిది కాదు అనేస్తున్నాం.

ఆ రోజు మా కాలువ ఎక్కడ తెగిందంటే, బ్రౌజర్ దగ్గర. అక్టోబర్ చివర్లో వచ్చిన గూగుల్ వాళ్ళ క్రోమ్ బ్రౌజర్ 142వ వెర్షన్ నుంచి ఒక కొత్త పద్ధతి మొదలైంది. ఏదైనా వెబ్‌సైటు మన కంప్యూటర్లోని సర్వీసుతోగానీ, మన ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలతోగానీ మాట్లాడాలంటే ముందు మన అనుమతి అడగాలి. పైన ఎడమ వైపు చిన్న పెట్టె వస్తుంది, ఈ సైటు మీ లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతికి కనెక్ట్ కావాలనుకుంటోంది అని ఆ వెర్షన్‌లో ఇంగ్లీషులో రాసి ఉండేది, కింద అలౌ, బ్లాక్ అని రెండు బటన్లు. కరెంటు వచ్చాక నా కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ అయింది, ఆ పెట్టె వచ్చింది, నా దగ్గర పనిచేసే కుర్రాడు బ్లాక్ నొక్కాడు. వాణ్ణి ఎందుకు తప్పుపట్టాలి? తెలియనిదేదీ అలౌ చేయకండి, ఓటీపీలు చెప్పకండి, లింకులు నొక్కకండి అని పోలీసులు, బ్యాంకులు, మీ పేపరు అందరం రోజూ చెబుతున్నాం కదా. పైగా 'లోకల్ నెట్‌వర్క్' అంటే టేబుల్ మీద యూఎస్‌బీకి పెట్టిన స్కానర్ దగ్గరికి వెళ్ళే దారి అని ఎవరికి తడుతుంది? ఒక్కసారి బ్లాక్ నొక్కాక ఆ సైటుకి బ్రౌజర్ అదే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎన్నిసార్లు కంప్యూటర్ ఆపి పెట్టినా, స్కానర్ పీకి పెట్టినా, మామ్మ గారు ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా ఫలితం ఒక్కటే. మూలన ఉన్న ల్యాప్‌టాప్ పనిచేసింది కూడా దాంట్లో క్రోమ్ ఇంకా పాతదే కాబట్టి.

సరిచేయడానికి నాకు పట్టింది అర నిమిషం. అడ్రస్ బార్‌లో సైటు పేరుకి ఎడమ పక్కనున్న చిన్న గుర్తు నొక్కి, అనుమతుల్లో లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ అనే దాన్ని అలౌకి మార్చి, పేజీని రీలోడ్ చేయడమే. వెర్షన్‌ని బట్టి ఆ పేరు కొంచెం మారవచ్చు, చోటు మాత్రం అదే. మనకి తెలిసిన, రోజూ వాడే సైటుకి మాత్రమే ఇలా చేయాలి.

బ్రౌజర్ వాళ్ళు ఈ గేటు పెట్టడం తప్పని నేను అనడం లేదు, పెట్టాల్సిందే. ఇదివరకు ఏ ఊరూ పేరూ లేని వెబ్‌సైటు తెరిచినా దాని స్క్రిప్టు మన కంప్యూటర్లోని తలుపులు తట్టి చూసుకునే వీలుండేది. 2019 జులైలో జూమ్ విషయం బయటపడింది, మ్యాక్ కంప్యూటర్లలో అది పెట్టిన చిన్న లోకల్ సర్వర్ వల్ల ఎవరో తయారుచేసిన పేజీ తెరిస్తే చాలు మనిషి వీడియో కాల్‌లోకి వెళ్ళిపోయి కెమెరా ఆన్ అయ్యే ప్రమాదం ఉందని తేలింది, జూమ్ తీసేసినా ఆ సర్వర్ అలాగే మిగిలి ఉండేది. డబ్బు, ఆధార్ ఉన్న చోట గేటు ఉంటేనే మంచిది. అంతకు ముందు కథ కూడా మా పాతవాళ్ళకి గుర్తే. బ్రౌజర్ లోపలే జావా యాప్లెట్లు, ప్లగిన్లు అనే అదనపు ప్రోగ్రాములు నడిచేవి, 2015 సెప్టెంబర్‌లో క్రోమ్ 45తో ఆ ప్లగిన్లు పూర్తిగా పోయాయి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పట్టుకుని వేలాడిన ఆఫీసులకి 2022 జూన్ 15న అదీ ఆగిపోయింది. ఇలా పాత దార్లు మూసుకుపోతున్న కొద్దీ ఈ లోకల్ సర్వీసు పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇక ముందూ మారుతుంది. మారినప్పుడల్లా సంగతి తెలియాల్సినవాళ్ళకి తెలియడం లేదనేదే నా గొడవ.

ఆ రోజు నుంచి వేలు పడనప్పుడల్లా నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. బ్రౌజర్ అనుమతి ఒక్కటే కారణం కాదు. కొన్నిసార్లు సర్వీసే నడవడం లేదు, విండోస్ అప్‌డేట్ తర్వాతో, యాంటీవైరస్ దాన్ని పట్టి పక్కన పెట్టడం వల్లో. అప్పుడు కన్సోల్‌లో 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని కనిపిస్తుంది, అంటే ఆ తలుపు దగ్గర ఎవరూ లేరని. విండోస్‌లో సర్వీసెస్ అని వెతికి, ఆ పేరు పట్టుకుని స్టార్ట్ నొక్కితే వచ్చేస్తుంది. కొన్నిసార్లు 'సర్టిఫికెట్' అనే మాట ఉంటుంది, అంటే నేను అసలైనదాన్నేనని లోకల్ సర్వీసు చూపించే సర్టిఫికెట్‌ని బ్రౌజర్ నమ్మడం లేదు. దానికి సర్వీసు కొత్త వెర్షన్ వేయాలి, కానీ ముందు కంప్యూటర్లో తేదీ చూడండి. పాత మెషీన్లలో లోపల ఉండే చిన్న బటన్ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్ళిపోతుంది, తేదీ తప్పితే ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. మాకున్న కరెంటు కోతలకి ఇది మామూలే.

ఇంకొకటి నాకు తెలిసేసరికి రెండు వారాలు పట్టింది. పాత కంపెనీ స్కానర్ పోయి కొత్త కంపెనీది కొన్నాక పాత సర్వీసుని తీసెయ్యకపోతే, అది 11100లో కూర్చుని ఉంటుంది, కొత్తది 11101కి వెళుతుంది. సరిగా రాసిన పేజీ ఇరవై ఒక్క తలుపులూ తడుతుంది. ఒక పోర్టల్ స్క్రిప్టు మాత్రం మొదటి తలుపు దగ్గర ఎవరో పలికారు కదా అని అక్కడే ఆగిపోయి, ఆ పాత సర్వీసు 'నాట్ రెడీ' అంటే డివైస్ లేదని చెప్పేసేది. పాతది అన్‌ఇన్‌స్టాల్ చేశాక సరైపోయింది. ఆ పోర్టల్ హెల్ప్‌లైన్‌కి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మీ ఇంటర్నెట్ స్పీడ్ చెక్ చేసుకోండి అన్నారు. ఇంట్లోంచి గుమ్మం దాటని మాటకి ఇంటర్నెట్ స్పీడ్‌తో ఏం పని?

ఇది వేలిముద్రలకే పరిమితం అనుకోకండి. భీమవరంలో లెక్కలు చూసే మిత్రుడొకడు రొయ్యల మేత వ్యాపారం చేసే కంపెనీకి జీఎస్టీ రిటర్న్ వేయాలి. కంపెనీలకి డిజిటల్ సంతకం తప్పనిసరి, నెలనెలా వేసేవాళ్ళకి 20వ తేదీ గడువు. ఆ సాయంత్రం సంతకం దగ్గర ఆగిపోయింది. సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పెట్టే ఉంది, పిన్ సరైనదే, పేజీ మాత్రం సర్వర్‌కి కనెక్ట్ కాలేదు అంటోంది. పాపం వాడు టెన్షన్‌లో ఆ మాట నమ్మి సైటే పడిపోయిందనుకుని గంటన్నర కూర్చున్నాడు. నాకు ఫోన్ చేస్తే, ఇక్కడ సర్వర్ అంటే ఢిల్లీలోది కాకపోవచ్చు, నీ కంప్యూటర్లోదే కావచ్చు చూడు అన్నాను. ఏ పోర్టుని ఏ ప్రోగ్రాం పట్టుకుందో చూపించే నెట్‌స్టాట్ కమాండ్ కొట్టిస్తే దొరికింది. సంతకం సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకున్నాడుగానీ, పాతది వెనక ఇంకా నడుస్తూ అదే పోర్టు పట్టుకుని ఉంది. టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపి, కొత్తదాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే నిమిషంలో సంతకం పడింది. పిన్ తప్పేమో అని పదేపదే వేరే వేరే పిన్లు కొట్టి ఉంటే టోకెన్ లాక్ అయిపోయేది, అప్పుడు గడువు కూడా పోయేది.

నేను పోర్టల్స్ తయారుచేసేవాళ్ళని అడిగేది ఒక్కటే. మీ పేజీ నిజం చెప్పాలి. పది రకాల కారణాలకి 'డివైస్ నాట్ ఫౌండ్' అనే ఒక్క మాట చూపించడం మానేయండి. అన్నీ తెలియవు అంటారని నాకు తెలుసు, మా మేనల్లుడూ అదే చెప్పాడు, కనెక్షన్ కుదరనప్పుడు భద్రత కోసం బ్రౌజర్ ఆ కారణాన్ని స్క్రిప్టుకి వివరంగా చెప్పదట, 'ఫెయిల్డ్ టు ఫెచ్' అని మాత్రమే అంటుందట. సరే. కానీ ఏ మెట్టు దగ్గర ఆగిందో స్క్రిప్టుకి తెలుసు కదా? సర్వీసు పలికిందా లేదా తెలుసు. అనుమతి బ్లాక్‌లో ఉందో లేదో బ్రౌజర్‌ని అడిగి తెలుసుకునే వీలుంది. సర్వీసు పలికాక అయితే తప్పుకి నంబరు కూడా ఇస్తుంది, వేలు పెట్టేలోపు సమయం దాటితే 700, పరికరం సిద్ధంగా లేకపోతే 720. వాటిని ఒక్క గంపలో పోసి కలిపేస్తే మా దగ్గర ఆ తేడా ఎలా తెలుస్తుంది? 'మీ బ్రౌజర్ అనుమతి ఇవ్వలేదు, ఇక్కడ నొక్కండి' అనీ, 'సర్వీసు నడవడం లేదు' అనీ, 'వేలు సరిగా పడలేదు, వేరే వేలు పెట్టండి' అనీ వేర్వేరుగా, తెలుగులో రాయండి. లావాదేవీ ఏదీ లేకుండా ఒక్కో మెట్టూ పరీక్షించి చూపించే ఒక టెస్ట్ పేజీ పెట్టండి, పొద్దున్నే షట్టర్ తీయగానే చూసుకుంటాం. బ్రౌజర్ వాళ్ళు మార్పులు నెలల ముందే ప్రకటిస్తున్నారు, పరీక్షించే వెర్షన్లూ ఇస్తున్నారు. మీ పేజీలు వాటిలో ముందే నడిపి చూడండి. పేజీని ఇంకో సైటు ఫ్రేములో పెట్టి నడిపేవాళ్ళు ఆ ఫ్రేముకి అనుమతి విడిగా రాయాలి, లేకపోతే మేం అలౌ అనుకునే అవకాశమే రాదు.

మాలాంటి సెంటర్ల వాళ్ళకి కూడా ఒక మాట. ఈ చిక్కుకి వాట్సాప్‌లో తిరుగుతున్న మందులు వాడకండి. క్రోమ్ పాత వెర్షన్ వేసి అప్‌డేట్ ఆపేయండి అంటారు, సెక్యూరిటీ సెట్టింగులన్నీ ఆఫ్ చేయండి అంటారు, యాంటీవైరస్ తీసేయండి అంటారు. మన కంప్యూటర్లో ఊరందరి డబ్బూ కదులుతుంది. మరీ ముఖ్యంగా, నెట్‌లో వెతికితే దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి, వాడు చెప్పాడని రిమోట్ సాఫ్ట్‌వేర్ వేసి కంప్యూటర్ చేతికివ్వకండి. ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా నెట్ తీసేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అలాగే స్కానర్ లైటు వెలగకుండా ఎవరి వేలూ బాగాలేదని చెప్పకండి. నేను కౌంటర్ దగ్గర ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి అంటించుకున్నాను.

మామ్మ గారి ఇల్లు కనుక్కుని మర్నాడే కబురు పంపాను. వచ్చింది. వస్తూ వస్తూనే కుళాయి దగ్గర ఆగి వేలు కడుక్కుంది. అవసరం లేదండీ, ఆ రోజు తప్పు మా కంప్యూటర్‌ది అని చెప్పాను. లైటు వెలిగింది, చూపుడు వేలు పడలేదు, నిజంగానే అరిగింది. ఉంగరపు వేలు పెట్టమంటే పడింది. వెయ్యి చేతిలో పెడితే రెండుసార్లు లెక్కపెట్టుకుని, "నీ మిషను బాగు చేయించావా బాబూ" అని అడిగింది.

మీ పేపరు మా మండలంలో టీ కొట్ల దగ్గర కూడా చదువుతారు. వేలిముద్రల మీద ఈసారి వార్త వేసేటప్పుడు, లైటు వెలిగిందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీ విలేకరిని అడగమనండి. వీలైతే ఆ బ్రౌజర్ అనుమతి మార్చుకునే పద్ధతిని బొమ్మతో సహా పావు పేజీలో వేయండి. బొమ్మలకి కావలసిన స్క్రీన్‌షాట్లు నేను తీసి పంపుతాను, మీ అమలాపురం విలేకరి ఎప్పుడొచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ